జేజికి చెప్పిన తోట కథ

మొన్న మన తెలుగు క్లబ్ క్విజ్‌లో హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ పాత పేరేంటని అడిగారు. బజర్ నొక్కి "బాగ్-ఎ-ఆమ్" అన్నాను. అడక్కుండానే "1846" అని సంవత్సరం కూడా చెప్పేశాను. "ప్రొద్దుటూరు పిల్లవి, నీకెలా తెలుసే?" అని సీనియర్ అక్క నవ్వింది. "గూగుల్ అక్కా" అని తప్పించుకున్నా. అది సగం నిజం. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు, ఒత్తులు తప్పితే సర్దుకోండి.

మా జేజి పుట్టింది పులివెందుల దగ్గర ఒక పల్లెలో. పెళ్లయ్యి జమ్మలమడుగు వచ్చింది. తాత పోయాక ప్రొద్దుటూరులో మా ఇంట్లోనే ఉంది. తిరుపతి కొండ తప్పిస్తే ఈ మూడూళ్ల బస్సు దారులు దాటి ఎక్కడికీ పోలేదు. పోయిన ఎండాకాలం ఆమె మెడ దగ్గర గడ్డ కనిపించింది. హైదరాబాద్‌లో చూపించమని ఎవరో చెప్తే, నాన్న, నేను, జేజి ఎర్రగుంట్లలో వెంకటాద్రి ఎక్కాం. అక్కడ చుట్టాలింట్లో దిగి ఆసుపత్రికి పోతే, ముక్క తీసి పరీక్షకు పంపారు.

రిపోర్టు వచ్చిన రోజు నాన్న కవరు నా చేతిలో పెట్టి, "నాకు ఈ ఇంగ్లీషు అర్థం కాదు. నువ్వు చదివి జేజికి మెల్లగా చెప్పు. డాక్టరు పదకొండుకి చూస్తాడంట, నేను లైన్లో ఉంటా" అన్నాడు. వెయిటింగ్ హాల్లో కూర్చోడానికి చోటు లేదు. జేజిని ఆటోలో దగ్గర్లో ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌కి తీసుకుపోయాను. ఆటోలోనే కవరు విప్పి చదివాను. అన్నీ అర్థం కాలేదు, అర్థమైన రెండు మాటలు చాలు. మళ్లీ మడిచి బ్యాగులో పెట్టేశాను.

లోపలికి పోతుంటే జేజి కొంగుముడి విప్పుతూ "టికెట్టు ఎంత?" అంది. లేదన్నాను. నమ్మలేదు. చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాక మళ్లీ అడిగింది.

"ఈ తోట ఎవురిది పాపా?"

"అందరిదీ జేజీ."

"అందరిదీ అంటే నీళ్లు ఎవురు పోస్తారు?"

నా దగ్గర జవాబు లేదు. ఫోన్ తీసి వెతికాను. రిపోర్టు గురించి అడక్కుండా ఉంటుందని కూడా అనుకున్నాను. దొరికిందల్లా చదువుతూ తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ఈ తోట 1846లో నిజాం వేయించాడంట, హైదరాబాద్‌లో పాత తోటల్లో ఒకటంట, పేరు బాగ్-ఎ-ఆమ్ అంట. 'ఆమ్' అంటే చిన్నప్పటి హిందీ పుస్తకంలో మామిడిపండు గుర్తొచ్చి, "అంటే మామిడితోట" అనేశాను. జేజి తలెత్తి చుట్టూ చూసి "యాడుంది మామిడి చెట్టు?" అంది. ఇంకొంచెం చదివితే తెలిసింది, ఆమ్ అంటే మామూలు జనం అని కూడా అర్థం. రాజు వేసిన తోటకి జనం తోట అని పేరు. జావా ల్యాబ్‌లో రోజుకి ఇరవై సార్లు 'పబ్లిక్' అని టైప్ చేస్తాను గానీ, ఆ మాటకి తెలుగులో 'అందరిదీ' అని అర్థం చెప్పింది అదే మొదటిసారి.

తెల్ల గుమ్మటం చూపించి, అదే అసెంబ్లీ అన్నాను. ముందు అది టౌన్‌హాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా 1905లో మొదలుపెట్టారు, 1913కి పూర్తయింది. ఆయన 1911లోనే చనిపోయాడు.

"చూడకుండానే పోయినాడా" అంది జేజి. కాసేపాగి, "నీ చదువు ఎన్నేండ్లుంది ఇంగ?" అని అడిగింది.

"రెండేళ్లు."

ఇంకేమీ అనలేదు. నేను గబగబా తర్వాతిది చెప్పాను. 1956 నుంచి మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఇక్కడే, 2017లో వెలగపూడికి పోయేదాకా. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఎమ్మెల్యేలందరూ ఇక్కడికే వచ్చేవాళ్లు.

"మన పులివెందులాయన గూడానా?"

"ఆయన కూడా. 1978లో మొదటిసారి గెలిచి ఇక్కడికే వచ్చాడు."

జేజి గుమ్మటం వైపు తిరిగి చాలాసేపు చూసింది. "మా అన్నోళ్లు ఓట్లేసిరి గానీ, యాడికి పంపిచ్చిరో నేనిప్పుడు చూస్తాన్నా" అంది.

1930లో మ్యూజియం పెట్టారని చెప్పాను. ఏడో నిజాం పాతికేళ్ల పాలన పండగ 1937లో చేసుకున్న జూబిలీ హాలు గురించి, 1966లో వచ్చిన పిల్లల బాలభవన్ గురించి చెప్పాను. అన్నీ ఈ తోటలోనే, ఒక్కోటి ఒక్కో ముక్క తీసుకుని. జేజి నవ్వి, "మన చేను మాదిరే. తలా ఒక చెక్క తీసుకుంటే తోటకు ఏం మిగిలె" అంది. మిగిలినదాంట్లో మేమున్నాం. మా పక్కన చేతిలో ఎక్స్‌రే కవర్లు పట్టుకున్న ఇంకో రెండు కుటుంబాలున్నాయి. ఒకామె గడ్డి మీద టవలు పరిచి పిల్లోడికి అన్నం పెడుతోంది.

మ్యూజియంలో మమ్మీ ఉందని చెప్పడమే నా తప్పు. ఈజిప్టు రాజు కూతురు నైషూ అంటారు. రెండు వేల ఏళ్ల పైమాటే. ఆరో నిజాం అల్లుడొకాయన కొనుక్కొస్తే, చేతులు మారి ఇక్కడికి చేరింది. చూద్దామా అన్నాను.

"చచ్చిపోయినాక గూడా ఆ బిడ్డని ఊరు చేరనియ్యలేదా" అంది జేజి. చాలాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "నన్ను మాత్రం ఊరికి తీసకపోండి. ఈడ వద్దు. ఇంగ ఆ కాగితంలో ఏముందో చెప్పు."

నాకు నోరు పెగల్లేదు. "నీకెట్ల తెలుసు జేజీ?" అన్నాను.

"గంటసేపటి నుంచి రాజుల కతలు చెప్తాన్నావు. ఎప్పుడన్నా నాతో ఇంతసేపు మాట్లాడినావా నువ్వు?"

కోపంతో అనలేదు. అదే ఇంకా కష్టం. పద్దెనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె పక్క గదిలో, నేను హెడ్‌ఫోన్స్‌లో.

రిపోర్టు బయటికి తీశాను. అందులో ప్రతి అక్షరం నాకు చదవడం వచ్చు. మెటాస్టాటిక్ అన్నదానికి తెలుగు ఏంటో రాదు. చివరికి "క్యాన్సర్ అంట జేజీ. పాకిందంట" అన్నాను. చీర మీద నూనె మరక పాకిందని జేజి అనే మాటే అది. ఆమెకి వెంటనే అర్థమైంది. "సరే. మీ నాయన లైన్లో నిలబడి ఉంటాడు, పదాం పా" అని లేచింది.

డాక్టరుతో మాట్లాడి, మందులు రాయించుకుని, రెండు రోజులకి ఊరికి వచ్చేశాం. ఆ తర్వాత సెలవులన్నీ ఆమె మంచం పక్కనే కూర్చుని చదువుకున్నాను. సంక్రాంతి ముందు పోయింది, మా ఇంట్లో, ఆమె మంచం మీదే.

ఆ ఆరేడు నెలలూ ఇంటికి ఎవరొచ్చినా జేజి హైదరాబాద్ సంగతి చెప్పేది. ఆసుపత్రి గురించి కాదు. "ఆడ ఒక తోటుంది. టికెట్టు లేదు. ఎవురన్నా కూచోవచ్చు. రాజు ఏసినాడంట, ఇప్పుడు అందరిదీ" అని. టౌన్‌హాలు చూడకుండా పోయిన రాజు సంగతి, ఊరు చేరని ఆడబిడ్డ సంగతి, ఒక్కటీ మర్చిపోలేదు. పేరు మాత్రం చివరిదాకా మామిడితోట అనే చెప్పింది. నేను దిద్దలేదు.