పళ్లెము మోసిన బండి

మా పాఠశాలకు అతిథి వచ్చినప్పుడెల్ల పూలపళ్లెములతో బాలికలు ఎండలో నిలువవలసినదే. దీనిని మర్యాద యందురు. నిరుడు ఒక బాలిక సొమ్మసిల్లి పడెను. పళ్లెము మోయుటకు మరబండి యున్నచో పిల్లలు తరగతిలోనే యుందురని తలచి, విద్యార్థులతో కలిసి యొకటి కట్టితిని. రెండు చక్రములకు రెండు మోటార్లు, ముందు స్వేచ్ఛగ తిరుగు చిన్న చక్రము, 12 వోల్టుల బ్యాటరీ. ఒక మోటారు నాపి రెండవదానిని నడపినచో బండి మలుపు తిరుగును. ఆజ్ఞలు చేతిలోని ఫోనునుండి బ్లూటూత్ ద్వారా పోవును. సుమారు 10 మీటర్లు దాటినచో బండి మాట వినదు. మొదట మలుపులో పళ్లెము బోర్లపడెను. బ్యాటరీని అడుగునకు దించిన పిదప బండి కుదురుకొనెను.

ఉత్సవమునాడు బండి వేదికవరకు చక్కగా నడిచెను. అతిథి దాని ప్రక్కన ఫొటో తీయించుకొనిరి. బాలికలు మాత్రము ఎండలో రెండు వరుసలుగా నిలిచి చప్పట్లు కొట్టుచుండిరి. బండిని నడపుచు నేను పందిరి నీడలో నుంటిని.