గడ్డికోత బండి ఆయుర్దాయము

యంత్రము ఎన్నాళ్లు మన్నునను ప్రశ్నకు అమ్మువాడొక యుత్తరమును, నడపువాడు వేరొక యుత్తరమును చెప్పుదురు. దానిని విప్పి బాగుచేయువాడు చెప్పునదే నిజమునకు దగ్గరగా నుండును. కూర్చుండి నడపు గడ్డికోత బండినిగూర్చి అట్టివానియొద్ద నేను తెలిసికొన్న సంగతులను విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాను.

గడ్డికోత యంత్రమును 1830లో ఇంగ్లండునందలి స్ట్రౌడు ప్రాంతమున ఎడ్విన్ బడ్డింగు అనునాతడు కనిపెట్టెను. మిల్లులో ఉన్నిగుడ్డపై లేచిన నూగును కత్తిరించు యంత్రమును చూడగా అతనికీ యూహ తోచెనని చెప్పుదురు. అతని యంత్రమును మనుష్యుడు వెనుకనుండి త్రోయవలసియుండెను. ఇప్పటి బండిపై మనుష్యుడు కూర్చుండును. క్రింద ఇనుప రేకు తొడుగులో కత్తులు గిరగిర తిరుగును.

ఈ విషయము మనకు దూరపుది కాదు. 2023 ఆగస్టు 15వ తేదీన దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున మహీంద్రా కంపెనీవారు లోకమునకు చూపిన ‘ఓజా’ అను తేలిక ట్రాక్టరు మన జహీరాబాదు కర్మాగారముననే తయారగుచున్నది. అమెరికాలో ఇట్టి చిన్న ట్రాక్టర్ల అడుగున కోతకత్తులను తగిలించి విశాలమైన పచ్చికబయళ్లను కోయుదురు.

మా తరగతిలోని యొక బాలుని తండ్రి పట్టణమున నొక తోటలో మాలిగా నున్నాడు. ఆ తోటకు కొన్న కోతబండి మూడవ యేటనే ఆగిపోయెను. యజమాని దానిని పాత ఇనుముక్రింద అమ్మి, కోతపనిని గుత్తకిచ్చుటకు తలపెట్టెను. అట్లయిన మాలి జీవనాధారము పోవును. బండితో వచ్చిన పుస్తకము ఇంగ్లీషున నుండుటచే అతడు దానిని తీసికొని నాయొద్దకు వచ్చి, “సారూ, ఇండ్ల ఏం రాసిన్రో జర చూసి చెప్పుండ్రి” అని యడిగెను. మేమిద్దరమును రహదారి ప్రక్కనున్న ట్రాక్టరు మేస్త్రీని ఆశ్రయించితిమి.

మేస్త్రీ మొట్టమొదట బ్యాటరీ తీగను, ప్లగ్గు తీగను ఊడదీసెను. కత్తులదగ్గర చేయిపెట్టుటకు ముందు ఎల్లరును తప్పక చేయవలసిన పని యిది. పిమ్మట ఒక్కొక్క భాగమును విప్పి మాకు చూపెను. గాలిని వడకట్టు ఫిల్టరు ఎఱ్ఱదుమ్ముతో పూడుకొనియుండెను. ఇంజనును చల్లబరచు రెక్కలసందున గడ్డిపరకలు కూరుకొనిపోయెను. తొడుగు లోపల అంటుకొనిన తడిగడ్డి రేకును తినివేసెను. కత్తులు మొద్దువారి, ఒక ప్రక్క బరువెక్కి, ఆ యదురుచే బేరింగును పాడుచేసెను. అంతయు చూచి ఆయన, “ఇంజను మంచిగనే ఉన్నది సార్. దీన్ని కోసుడే గాని చూసుడు లేదు” అనెను.

బేరింగుపై 6204 అను అంకె యుండెను. ఆ అంకెగల బేరింగు ఏ దేశమున చేసినదైనను లోపలి రంధ్రము 20 మిల్లీమీటర్లు, వెలుపలి కొలత 47 మిల్లీమీటర్లు, మందము 14 మిల్లీమీటర్లు ఉండును. అందువలన అది మన యూరి ట్రాక్టరు సామానుల దుకాణముననే దొరకెను. చిల్లులుపడిన రేకునకు వెల్డింగుతో మాటు వేసిరి. కత్తిని ఆకురాయితో పదునుపెట్టి, నడిమి రంధ్రమున మేకుకు వ్రేలాడదీసి, క్రిందికి వ్రాలిన ప్రక్కను మఱికొంత రాచి సరితూచిరి. బెల్టొక్కటి మాత్రము హైదరాబాదునుండి తెప్పింపవలసివచ్చెను.

పనిచేసిన దినములకంటె పనిలేని దినములే యంత్రమునకు ఎక్కువ కీడుచేయునని నేను గ్రహించితిని. మన ప్రాంతమున వేసవిలో గడ్డి యెండిపోవును. బండి నెలలతరబడి నిలిచియుండును. టాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరు సన్నరంధ్రమును మూసివేయును. ఇప్పటి పెట్రోలులో కలుపు ఎథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. కనుక బండిని దీర్ఘకాలము నిలుపుటకు ముందు పెట్రోలును తీసివేయుట మేలు. కోసిన ప్రతిదినమును, ఇంజను ఆపి తీగ ఊడదీసిన పిదప, తొడుగు లోపల గీకి శుభ్రము చేయవలెను. ఎన్ని గంటలకు నూనె మార్చవలెనో పుస్తకమున వ్రాసియుండును. ఆ గంటలను లెక్కవ్రాసికొనవలెను.

యంత్రము కొనదలచిన తల్లిదండ్రులు ధర యొక్కటియే అడుగక, దాని భాగములు ఎచ్చట దొరకునో, సామాన్యమైన పానాలతో విప్పవచ్చునో లేదో కూడ అడుగవలెను. విద్యార్థులారా! మసిబారిన చేతులను చూచి చులకన చేయకుడు. నేను పుస్తకము చదివి చెప్పకున్న మేస్త్రీకి నూనె కొలత తెలియకపోయెడిది. మేస్త్రీ లేకున్న నా చదువుతో ఆ బండి అంగుళమైనను కదలకపోయెడిది.

బండి తిరిగి నడచుటచే గుత్తబేరము ఆగిపోయెను. మాలి పనిలోనే యున్నాడు. ఇంగ్లీషు పుస్తకమును తెలుగున చెప్పి, గంటల లెక్కను నోటుపుస్తకమున వ్రాయు పనిని ఇప్పుడు ఆయన కుమారుడే చేయుచున్నాడు.