ఊపిరి విడువని వాద్యం

హార్మోనియం ఎరిగిన తెలుగువారికి అకార్డియన్ దూరపు చుట్టం. రెండింటిలోనూ తిత్తి నుండి వచ్చే గాలి తగిలి లోహపు రీడ్లు కంపిస్తేనే నాదం పుడుతుంది. అకార్డియన్‌కు 1829లో వియన్నా నగరంలో సిరిల్ డెమియన్ పేటెంటు పొందాడు. 2004లో జపాను దేశపు రోలాండ్ సంస్థ రీడ్లు లేని డిజిటల్ అకార్డియన్‌ను వెలువరించింది. ఇందులో మీట నొక్కితే శ్రుతి మారుతుంది. అదే వాద్యం వేణువై, వయొలిన్‌యై పలుకుతుంది. హెడ్‌ఫోన్లు ధరిస్తే అర్ధరాత్రి సాధన కూడా ఇరుగుపొరుగుల నిద్ర చెరపదు. రీడ్లు శ్రుతి తప్పుతాయన్న బెంగ లేదు.

ఇన్ని సౌకర్యాల కంటే నన్ను ఆలోచింపజేసినది మరొకటి. రీడ్లే లేనప్పుడు తిత్తితో పనేమి? అయినా నిర్మాతలు దానిని తొలగించలేదు. తిత్తిలోని గాలి ఒత్తిడిని సెన్సర్ కొలుస్తుంది. ఆ కొలతను బట్టే నాదం హెచ్చుతుంది, తగ్గుతుంది. వాదకుని చేతి బరువు, మనసులోని ఆర్తి నాదంలోకి ప్రవేశించే ద్వారం అదే. మీటలు వందల ధ్వనులను ఇవ్వగలవు గాని, ఏ స్వరాన్ని ఎంత ఆర్ద్రంగా సాగదీయాలో చెప్పలేవు. అది సాధనతోనే అలవడుతుంది.

‘నాద’ శబ్దంలో ‘న’కారం ప్రాణమనీ, ‘ద’కారం అగ్ని అనీ 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో వివరించాడు. ఈ వాద్యంలో అగ్ని స్థానాన్ని విద్యుత్తు ఆక్రమించిందనుకొందాం. ప్రాణం మాత్రం నేటికీ మనిషే పోయాలి.