ముందు చేతిని చూడాలి

"ట్రావెల్! మూడడుగులు వేసింది!"
సాయంత్రం బాస్కెట్‌బాల్ కోర్టులో మగపిల్లలంతా ఒకటే గోల.
లేఅప్ వేసిన అమ్మాయి బెదరలేదు. "కాదన్నా, సరిగ్గా చూడు" అంటూ నెమ్మదిగా మళ్లీ చేసి చూపించింది.

డ్రిబుల్ ఆపి బంతిని పట్టుకునేటప్పటికి ఎడమకాలు నేలమీదే ఉంది. అది లెక్కలోకి రాదు.
తర్వాత కుడి, ఎడమ. రెండే. బంతి చేయి దాటేసింది.

లెక్కలోకి రాని ఆ తొలి అడుగే 'జీరో స్టెప్'. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా దీన్ని 2017లో రూల్స్‌లో చేర్చింది.
పాదాలు లెక్కపెడితే చాలదు. బంతి ఎప్పుడు చేతికి చిక్కిందో చూడాలి, లెక్క అక్కణ్నుంచే.

నిలబడి బంతి అందుకుంటే మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఒక కాలు లేపితే రెండోది పివట్, అంటే నేలమీదే ఉంచాల్సిన కాలు. డ్రిబుల్ మొదలెట్టాలంటే, బంతి చేయి వదిలాకే అది లేవాలి.

రూలు తెలిస్తే పిల్లలకు ఎంత ధైర్యమో! షూటింగ్ కంటే ముందు ఇదే నేర్పాలనిపిస్తుంది నాకు.
మీకు ఫుట్‌వర్క్ ఎవరు, ఎలా నేర్పారు? చెప్పండి.