ప్రయాణానికి పులిహోర

రెడ్డియార్‌పాళయంలోని మా అద్దె ఇంట్లో అక్కాతమ్ముళ్లం కలిసి ఓ బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాం. అంతలో నాన్నగారికి భోపాల్ బదిలీ అయింది. సామాను కట్టేలోగా తెరమీద ఒక్క మాటైనా చూడాలని మా పంతం.

మొదట లైనక్స్‌లో ఉన్న కంపైలర్‌నే వాడాం. అది ఇచ్చే ప్రోగ్రాములు అడుగున లైనక్స్ ఉందనుకుంటాయి. మా సిస్టమ్‌లో ఆ ఆసరా లేదు, సొంత కంపైలరూ లేదు. అందుకే జీసీసీ, బిన్‌యుటిల్స్ సోర్స్ కోడ్ దించుకుని, క్రాస్ కంపైలర్ మేమే తయారుచేసుకున్నాం. అది నడిచేది లైనక్స్‌లో, కోడ్ ఇచ్చేది మా సిస్టమ్‌కి. మొదటిసారి టార్గెట్ పేరు తప్పు రాశాం. రెండోసారి "ఐ686-ఎల్ఫ్" అని సరిగ్గా రాసేసరికి అర్ధరాత్రయింది. పాత ల్యాప్‌టాప్ తెల్లవార్లూ రొద పెట్టింది.

అమ్మకి చెబితే నవ్వింది. "ప్రయాణానికి పులిహోర కలిపినట్టన్నమాట! వెళ్లిన రోజు అక్కడ పొయ్యి వెలగదు, ఇక్కడే వండుకుని పోవాలి."

లారీ వచ్చే ముందురోజు తెరమీద "నమస్తే" కనబడింది, ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ టెక్స్ట్ మోడ్‌లో మామూలుగా పట్టేవి 256 గుర్తులే, వాటిలో తెలుగు లేదు. కొత్త బడిలోనూ తెలుగు ఉండకపోవచ్చు. అందుకే భోపాల్‌లో మా మొదటి పని ఖాయమైంది: దానికి 'అ' దిద్దించడం.