అందరూనీ మజాహమత్

మా ఇంట్లో పెన్సిల్ సెల్లుకు రెండు జిందగీలు. చిన్న టార్చి మసకబారిందంటే అమ్మీ ఆ సెల్లు తీసి గోడ గడియారంలో వేసేది. టార్చికి పనికిరానిది గడియారాన్ని నెలల తరబడి నడిపేది.

ఈ సంగతి మా బేటీ ఫిజిక్స్‌కు పనికొచ్చింది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం పిల్ల. ఇప్పుడు ఇంటర్లో ఎంపీసీ, అంతా ఇంగ్లిష్. "అబ్బా, వి ఈజీక్వల్ టు ఈ మైనస్ ఐ ఆర్ అని రట్టా వేసేశా. సమఝ్ కాలేదు. ఫిజిక్స్ నాకు రాదేమో" అంది. ఆ చివరి మాటకే నా దిల్ కలుక్కుమంది.

"పదిలో మజాహమత్ చదివావు కదా బేటా? అదే రెసిస్టెన్స్. ఇంటర్నల్ రెసిస్టెన్స్ అంటే అందరూనీ మజాహమత్."

"అంటే సెల్లు లోపల కూడా కరెంటుకు అడ్డు ఉంటుందా?"

అంతే, తాళం తెరుచుకుంది. తెలుగులో దీన్నే అంతర్నిరోధం అంటాం. ఈ అంటే సెల్లు మొత్తం సంపాదన. ఐ ఆర్ అంటే కరెంటు లోపలి నుంచి నడవడానికి అయ్యే ఖర్చు. వి అంటే బయట చేతికొచ్చేది.

కాగితం మీద లెక్క వేశాం. కొత్త సెల్లు 1.5 వోల్టులు, లోపలి మజాహమత్ 0.5 ఓమ్‌లు అనుకుందాం. బల్బు 2.5 ఓమ్‌లు. మొత్తం 3 ఓమ్‌లు, కరెంటు 0.5 ఆంపియర్లు. లోపల 0.25 వోల్టులు పోతే బల్బుకు 1.25 దక్కుతుంది.

పాతబడితే వోల్టేజ్ కాస్త తగ్గుతుంది, మజాహమత్ బాగా పెరుగుతుంది. 1.4 వోల్టులు, 4.5 ఓమ్‌లు అనుకుంటే అదే బల్బుకు కరెంటు 0.2 ఆంపియర్లే. లోపలే 0.9 వోల్టులు ఖర్చు. బల్బుకు మిగిలేది 0.5.

అదే పాత సెల్లుకు మల్టీమీటర్ పెడితే 1.4 చూపిస్తుంది. మీటర్ దాదాపు కరెంటే లాగదు, కాబట్టి లోపల ఖర్చూ ఉండదు. గడియారం లాగేదీ చాలా తక్కువే. అమ్మీ హిసాబ్ సరైనదే! బైకు బ్యాటరీ మీటర్ మీద 12 దాటినా సెల్ఫ్ నొక్కగానే చతికిలపడేదీ చాలాసార్లు ఇందుకే. అందుకే తెలిసిన మెకానిక్ సెల్ఫ్ కొడుతూ వోల్టేజ్ చూస్తాడు.

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో మొదలైంది ఉర్దూ మీడియంలోనే. సైన్సును ఆ జబాన్‌లోనే చెప్పారు. కాబట్టి మన జబాన్ చిన్నదీ కాదు, మన పిల్లల దిమాగ్ చిన్నదీ కాదు. కానీ మీడియం మారి మార్కులు తగ్గగానే వాళ్లు అలాగే అనుకుంటారు. ఆడపిల్లనైతే "ఇక చాల్లే" అని మనమే ఆపేస్తాం.

ఆపే ముందు ఒక్క సవాల్ అడగండి: లఫ్జ్ దగ్గర ఆగిందా, లెక్క దగ్గర ఆగిందా? మీకు ఫిజిక్స్ రాకపోయినా పర్వాలేదు. "ఇదేదో మన మాటల్లో నాకు చెప్పు బేటా" అని పక్కన కూర్చోండి. చెబుతూ చెబుతూ ఎక్కడ ఆగారో వాళ్లకే మాలూమ్ అవుతుంది.