డెత్ మెటల్: నాలుగు ఆల్బములు, ఒక పథ్యం

రక్తపోటు గురించి, మధుమేహం గురించి రాసే ఈ ముసలి వైద్యుడు ఈసారి డెత్ మెటల్ అనే పాశ్చాత్య సంగీత శాఖలో నాలుగు ఆల్బములు వినమని చెప్పబోతున్నాడు. నా మతి తప్పిందని పాఠకులు అనుకోనక్కరలేదు. దీని వెనుక మా ఇంటి కథ ఒకటి ఉన్నది.

కర్నూలులో ముప్పై ఏళ్ళకు పైగా చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు చికిత్స చేశాను. బేతంచెర్ల నుండి నాపరాళ్ళ పాలిష్ పనివారు, ఎర్రగుంట్ల, జమ్మలమడుగుల వైపు నుండి కడప బండలు కోసే కూలీలు చెవిలో హోరుతో వచ్చేవారు. రాయి కోసే చక్రం దగ్గర రోజుకు ఎన్ని గంటలు నిలబడతారో ప్రతి ఒక్కరినీ అడిగి రాసుకునేవాడిని. ఆ ప్రశ్న మా అబ్బాయిని మాత్రం అడగలేదు.

వాడు ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒక వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చాడు. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు. సీడీల అట్టలపై పుర్రెలు, శవాలు. ఒకరోజు లాక్కుని విన్నాను. పులి గాండ్రింపు వంటి గొంతు, వడగళ్ళవాన వంటి డ్రమ్ములు. “ఇవేం పాటలురా? మనసు చెడిపోతుంది” అని కసిరాను. “నాయనా, తిట్టకుండా ఒక్క పాట పూర్తిగా విను” అన్నాడు. నేను వినలేదు. వాడు మానలేదు. రాత్రిపూట దుప్పటి కప్పుకుని, ఎయిర్ కూలర్ హోరును మించేటంత శబ్దం పెంచుకుని విన్నాడట. ఈ సంగతి చాలా ఏళ్ళ తరువాత తెలిసింది.

రెండేళ్ళ క్రితం ఫోన్ చేసి, “నాయనా, చెవిలో ఝుమ్మని ఒకటే మోత. నిద్ర పట్టడం లేదు” అన్నాడు. పరీక్ష చేయిస్తే వినికిడి రేఖ 4000 హెర్ట్జ్ దగ్గర లోయలా దిగిపోయి కనిపించింది. రాళ్ళు కోసే కూలీల కాగితాలపై నేను వందలసార్లు చూసిన లోయ అదే. పాటను తిట్టడంలో పడి, పాట ఎంత గట్టిగా మోగుతున్నదో చూడని వైద్యుణ్ణి నేను. ఆ అపరాధ భావంతోనే ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వాడి పాటలు వినటం మొదలుపెట్టాను.

ఈ సంగీతానికి మూలమైన హెవీ మెటల్ పుట్టుకలోనే ఒక గాయమున్నది. 1965లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో, రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ యువకుడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు యంత్రంలో తెగిపోయాయి. అతడు ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని గిటారు వాయించాడు. నొప్పి తగ్గటానికి తరువాత తీగలను వదులు చేశాడు. బ్లాక్ సబ్బత్ బృందానికి ఆ మంద్రమైన, బరువైన నాదం అలా అబ్బింది. ఇక డెత్ మెటల్‌లోని గాండ్రింపులో అసలు స్వరతంత్రులకు పైన ఉండే మిథ్యా స్వరతంత్రులు కూడా కంపిస్తాయి. వీరభద్రుని ఉత్సవాలలో ఖడ్గాలు చదివేవారి ఉగ్రకంఠం, పీర్ల పండుగ గుండం చుట్టూ పలకల దరువు విని పెరిగిన మన సీమవారికి ఈ ఉగ్రత మరీ కొత్త కాదు.

కొత్తవారు మొదట స్వీడన్ బృందం ఎట్ ద గేట్స్ వారి ‘స్లాటర్ ఆఫ్ ద సోల్’ వినాలి. 1995 నాటిది. సుమారు 34 నిమిషాలే. గొంతు కర్కశమైనా గిటార్లలో రాగం స్పష్టంగా పలుకుతుంది.

రెండవది డెత్ అనే అమెరికా బృందం వారి ‘సింబాలిక్’, అదీ 1995దే. నాకు అన్నిటికంటె ఇష్టమైనది. దాని సృష్టికర్త చక్ షుల్డినర్‌కు 1999లో మెదడులో కంతి ఉన్నట్లు తేలింది. చికిత్స ఖర్చుల కోసం అభిమానులు, తోటి కళాకారులు చందాలు పోగు చేశారు. 2001 డిసెంబరులో 34 ఏళ్ళకే మరణించాడు. కాలం ఎలా జారిపోతుందో తలపోసే ఈ పాటలను ఆ సంగతి తెలిసి వింటే గుండె బరువెక్కుతుంది.

మూడవది ఇంగ్లాండు బృందం కార్కస్ వారి ‘హార్ట్‌వర్క్’, 1993. వీరి తొలి పాటలు వైద్య నిఘంటువులోని మాటలతో నిండి ఉంటాయి. నా శవపరీక్ష పాఠాలు గుర్తొచ్చి నవ్వుకున్నాను. వీరి డ్రమ్ములవాద్యకారుడు కెన్ ఓవెన్‌కు 1999లో మెదడులో రక్తస్రావమై చాలాకాలం స్పృహ లేకుండా ఉన్నాడు. తరువాత బృందం మళ్ళీ కలిసినప్పుడు వేదికపై కూర్చుని కాసేపు వాయించాడు.

నాలుగవది మన హైదరాబాదుది. గాడ్‌లెస్ బృందం వారి ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’, 2021. ఇంతటి వేగాన్ని, పొందికను మన పిల్లలు సాధించారంటే నాకు గర్వంగా ఉన్నది.

మనసు చెడిపోతుందన్న నా భయం మాటేమిటి? 2015లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం వారు ఇటువంటి సంగీతం వినే 39 మందికి కోపం తెప్పించి, కొందరికి తమకు నచ్చిన పాటలు వినిపించారు, మిగిలినవారిని నిశ్శబ్దంగా కూర్చోబెట్టారు. పాటలు విన్నవారి కోపం పెరగలేదు, తగ్గింది. చిన్న పరిశోధనే. అభిమానులు కానివారికి ఇది వర్తిస్తుందనీ చెప్పలేము. అయినా నాటి నా తిట్లకు ఆధారం ఏమీ లేదని ఒప్పుకోవాలి.

ఇక పథ్యం. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనుషులలో మళ్ళీ మొలవవు. 80 డెసిబెల్‌ల శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. శబ్దం 3 డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 90 దగ్గర వారానికి 4 గంటలే. భజన అయినా, డెత్ మెటల్ అయినా లెక్క ఒకటే. ఫోనులో శబ్దాన్ని 60 శాతం దాటించవద్దు. గంటకొకసారి చెవులకు విశ్రాంతినివ్వండి. బస్సులో, కూలర్ పక్కన హోరును మించేలా పెంచుకోవద్దు. విన్న తరువాత చెవిలో మోత వినిపిస్తే అది హెచ్చరిక. మరునాటికీ తగ్గకపోతే వైద్యుని చూడండి.

మా అబ్బాయి చెవిలో మోత పూర్తిగా పోలేదు. కొంత అలవాటుపడ్డాడు, నిద్ర పడుతున్నది. మొన్న పండుగకు వచ్చినప్పుడు ఇద్దరమూ వరండాలో కూర్చుని ‘సింబాలిక్’ మొదటి నుండి చివరిదాకా విన్నాము. మాట్లాడుకుంటే వినబడేటంత శబ్దమే పెట్టాడు.